పాత కంప్యూటరు, గ్రాఫిక్స్ డ్రైవరు: ఎవరు ఎప్పుడు చెయ్యి వదిలేశారు?

పాత కంప్యూటరులో అక్షరాలు ఉన్నట్టుండి లావెక్కినా, యూట్యూబ్ ఆగి ఆగి నడిచినా, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చినా సర్వీసు షాపుల్లో వినిపించే మాటలు రెండు. మొదటిది "ఓఎస్ పాడైంది, ఫార్మాట్ కొట్టేద్దాం". ఫార్మాట్ కొట్టాక కూడా తీరు మారకపోతే రెండోది, "కార్డు పోయింది, కొత్తది వేయించుకోండి". రెండు మాటల వెనకా పరీక్ష అంటూ ఏమీ ఉండదు. అందుకే ఇంకా కొన్నేళ్లు నడవగలిగిన యంత్రాలు తుక్కు బేరానికి పోతున్నాయి. పిల్లల చదువు కోసమో, చిన్న దుకాణం బిల్లింగు కోసమో కూడబెట్టి కొన్న సిస్టమ్ అలా పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఈ సమీక్షకు కారణం కూడా అదే.

చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. పదేళ్లు దాటిన గ్రాఫిక్స్ కార్డుకు సరికొత్త డ్రైవరు కోసం వెతకడమే అసలు పొరపాటు. ఆ చిప్‌కు, ఆ విండోస్‌కు కలిపి కంపెనీ ఆఖరుగా ఇచ్చిన డ్రైవరు ఒకటి ఉంటుంది. దాన్ని గుర్తించి, అది నిలబడేలా చూడటమే మరమ్మతు. అలాంటిది లేకపోతే, ఆ చిప్ లోపలి వివరాలు కంపెనీ బయటపెట్టిందా లేదా అన్నదాని మీదే మిగతా ఆయుష్షు ఆధారపడుతుంది. సిలికాన్ అరిగిపోయి ఆగిపోయే కార్డులు ఉన్నాయి. కానీ కంపెనీ చెయ్యి వదిలేయడం వల్ల ఆగిపోయేవీ తక్కువేమీ కాదు.

ఈ చిక్కు ఇంత ముదరడానికి మూలం విస్టా కాలంలో ఉంది. విండోస్ ఎక్స్‌పీ దాకా డిస్‌ప్లే డ్రైవరు దాదాపు మొత్తంగా కెర్నల్ లోపలే నడిచేది. అది తప్పటడుగు వేస్తే నీలి తెర తప్ప మార్గం లేదు. 2007 జనవరిలో అందరికీ అమ్మకానికి వచ్చిన విస్టాతో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతి తెచ్చింది. డ్రైవరులో పెద్ద భాగాన్ని కెర్నల్ బయటికి జరిపింది. కార్డు 2 సెకన్లలోపు బదులివ్వకపోతే సిస్టమ్ మొత్తాన్ని పడేయకుండా కార్డును మాత్రమే రీసెట్ చేసే ఏర్పాటు పెట్టింది. తెర నల్లబడి మళ్లీ వచ్చి, కింద మూలన "డిస్‌ప్లే డ్రైవరు స్పందించడం మానేసింది, తిరిగి కోలుకుంది" అనే సందేశం కనిపించేది దానివల్లే. ఆలోచన మంచిదే. కానీ కంపెనీలన్నీ తమ డ్రైవర్లను మొదటి నుంచి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తొందరలో ఏం జరిగిందో తరువాత అమెరికా కోర్టు కేసులో బయటపడిన మైక్రోసాఫ్ట్ అంతర్గత పత్రాలు చూపించాయి. 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతానికి ఎన్విడియా డ్రైవర్లే కారణమని ఆ లెక్క. ఆ కేసు అసలు విషయం ఇంకా బాధాకరం. ఇంటెల్ 915 చిప్‌సెట్‌కు కొత్త పద్ధతి డ్రైవరు లేనే లేదు, అయినా ఆ లాప్‌టాపుల మీద "విస్టాకు పనికొస్తుంది" అన్న స్టిక్కరు అంటించి అమ్మారు.

2012లో విండోస్ 8 వచ్చేసరికి ఎక్స్‌పీ పద్ధతి డ్రైవర్లకు తలుపులు పూర్తిగా మూసేశారు. 2015 జులైలో వచ్చిన విండోస్ 10తో డబ్ల్యూడీడీఎం రెండో తరం మొదలైంది, 2021లో విండోస్ 11 ఆ రెండో తరాన్ని కనీస అర్హతగా పెట్టింది. ఇలా మెట్టు మారిన ప్రతిసారీ వెనకబడిన చిప్‌లకు డ్రైవరు రాయాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. కొన్నవాడికి అందులో మాట చెప్పే హక్కు లేదు.

ఇక పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి? కార్డు పేరు దగ్గర మాత్రం కాదు. డబ్బా మీది పేరు చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. జీటీ 730 దీనికి మంచి ఉదాహరణ. 2014లో ఆ ఒక్క పేరుతో రెండు తరాల చిప్‌లు అమ్మారు. ఒకటి 96 కోర్ల ఫెర్మీ తరం జీఎఫ్108, రెండోది 384 కోర్ల కెప్లర్ తరం జీకే208. మొదటిదానికి ఆఖరి విండోస్ డ్రైవరు 2018 మార్చిలో వచ్చిన 391.35. రెండోదానికి 470 శ్రేణి దాకా వచ్చాయి. "జీటీ 730 డ్రైవరు" అని వెతికి దొరికిన కొత్త ఫైలు ఫెర్మీ కార్డు మీద వేస్తే, తగిన హార్డ్‌వేర్ కనపడలేదని ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. అప్పుడు షాపతను కార్డు పోయిందంటాడు. కార్డుకు ఏమీ కాలేదు. ఏఎండీ వైపు ఇదే కథ రేడియాన్ ఆర్5 230ది. అదీ 2014 సరుకే, లోపల ఉన్నది మాత్రం 2011 నాటి హెచ్‌డీ 6450 చిప్. కొత్త పేరు పెట్టుకుని వచ్చిన ఏడాదిన్నరకే ఆ చిప్ పాతసరుకు జాబితాలో చేరింది.

అందుకని డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీ చూడాలి. అందులో "వెన్" తరువాత ఉండేది తయారీదారు సంఖ్య. 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏఎండీ, 8086 అయితే ఇంటెల్. "డెవ్" తరువాత ఉండే నాలుగు అక్షరాలు చిప్ అసలు గుర్తింపు. పేరు మార్చి అమ్మినా ఆ నాలుగు అక్షరాలు చిప్ ఏ కుటుంబానిదో చెప్పేస్తాయి. డ్రైవరు లేక తెరలో "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని మాత్రమే కనిపిస్తున్నా ఈ సంఖ్య కనిపిస్తుంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత పరికరం ఇదే వివరాన్ని ఇంకా సులువుగా చిప్ రహస్యనామంతో సహా చూపిస్తుంది.

గుర్తింపు దొరికాక కావలసింది తేదీల పట్టిక. మన చుట్టూ ఎక్కువగా కనిపించే వాటికే పరిమితమవుతాను.

ఎన్విడియా కార్డుల్లో జీఫోర్స్ 210, 9500 జీటీ, 8400 జీఎస్ లాంటి పాత టెస్లా తరానికి విండోస్‌లో ఆఖరిది 2016 డిసెంబరులో వచ్చిన 342.01. జీటీ 430, జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ వంటి ఫెర్మీ కార్డులకు పైన చెప్పిన 391.35. కెప్లర్ తరం డెస్క్‌టాప్ కార్డులకు, అంటే చాలా షాపుల్లో ఈనాటికీ కొత్త డబ్బాలో దొరికే జీటీ 710తో సహా, ఆటల డ్రైవర్లు 2021లో ఆగాయి, భద్రతా సవరణలు 2024 దాకా నడిచాయి. అదే కెప్లర్ చిప్ లాప్‌టాపులో ఉంటే లెక్క వేరు. దానికి 2019 ఏప్రిల్ నాటి 425.31 తోనే ఆపేశారు. చాలామందికి తెలియని ఇంకో గీత 32-బిట్ విండోస్. 390 శ్రేణి తరువాత ఎన్విడియా 32-బిట్ డ్రైవర్లే చేయలేదు. రెండు జీబీ ర్యామ్ ఉందని 32-బిట్ విండోస్ 10 వేసిన సిస్టమ్‌లో జీటీ 710 పెడితే, కార్డు ఎంత కొత్తదైనా 2018 నాటి డ్రైవరు దగ్గరే ఆగాలి. ర్యామ్ పెంచి 64-బిట్‌కు మారితే ఆ గీత దాటవచ్చు.

ఏఎండీ ఇంకా తొందరపడింది. హెచ్‌డీ 2000 నుంచి 4000 దాకా ఉన్న కార్డులను 2012లోనే పక్కన పెట్టింది. ఆ కార్డులకు విండోస్ 10లో వచ్చేది విండోస్ అప్‌డేట్ తెచ్చే విండోస్ 8 నాటి డ్రైవరే. అందులో సెట్టింగుల కంట్రోల్ సెంటర్ కూడా ఉండదు. హెచ్‌డీ 5000, 6000 శ్రేణులకు 2015 జులై నాటి క్యాటలిస్ట్ 15.7.1, ఆ తరువాత వచ్చిన 16.2.1 బీటాతో సరి. హెచ్‌డీ 7000, ఆర్9 200, 300 శ్రేణులకు మామూలు మద్దతు 2021లో 21.5.2తో ముగిసింది, 2022లో విడిగా ఇచ్చిన 22.6.1 ఆఖరిది. విండోస్ 7ను కూడా 2021లోనే వదిలేశారు.

ఇంటెల్ విషయం మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్న పాత సిస్టములలో ఎక్కువ వాటికి విడిగా కార్డే ఉండదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, జిల్లా కేంద్రాల్లోని అసెంబ్లింగ్ షాపుల్లో గానీ హెచ్61 బోర్డు మీద రెండో తరం లేదా మూడో తరం ఐ3, ఐ5 పెట్టి అమ్మడం చాలా ఏళ్లుగా నడుస్తోంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, ధరలో తేడా కూడా కొద్దిపాటిదే. కానీ రెండో తరం హెచ్‌డీ 2000, 3000 గ్రాఫిక్స్‌కు ఇంటెల్ విండోస్ 10 డ్రైవరు ఇవ్వనే లేదు. విండోస్ అప్‌డేట్ తెచ్చే 9.17 శ్రేణి పాత డ్రైవరుతో డెస్క్‌టాప్ బాగానే కనిపిస్తుంది. ఓపెన్‌జీఎల్ అడిగే డిజైన్ సాఫ్ట్‌వేర్లు, కొన్ని ఆటలు మాత్రం తెరుచుకోవు. మూడో తరం హెచ్‌డీ 2500, 4000 వాటికి 15.33 శ్రేణిలో విండోస్ 10 డ్రైవరు అధికారికంగా ఉంది. సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనేవారికి ఈ ఒక్క తేడా తెలిస్తే చాలు, తరువాత తలనొప్పి సగం తగ్గుతుంది. అటామ్ ప్రాసెసర్ల నెట్‌బుక్కులలో వచ్చిన జీఎంఏ 3600 గురించి మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆ గ్రాఫిక్స్ డిజైన్ ఇంటెల్ సొంతం కాదు, బయటి నుంచి తెచ్చుకున్న పవర్‌వీఆర్. విండోస్ 7 32-బిట్‌కు ఒక డ్రైవరు ఇచ్చి అక్కడితో వదిలేశారు.

కొన్నిసార్లు ఉన్న శక్తిని కూడా తిరిగి తీసుకుంటారు. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక భద్రతా లోపం బయటపడినప్పుడు, దాన్ని సరిచేయడానికి 15.40.44.5107 డ్రైవరు నుంచి డైరెక్ట్‌ఎక్స్ 12నే తీసేశారు. నిన్నటి దాకా తెరుచుకున్న ఆట నవీకరణ తరువాత తెరుచుకోకపోతే పాపం అది కొన్నవాడి తప్పా? ఎన్విడియా దీనికి భిన్నంగా ఫెర్మీ కార్డులకు ఎప్పుడో ఇచ్చిన మాట ప్రకారం 2017లో, చాలా ఆలస్యంగానే అయినా, డైరెక్ట్‌ఎక్స్ 12 జోడించింది. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే.

ఇంతవరకు ముందుకు వెళ్లలేని యంత్రాల మాట. వెనక్కి వెళ్లాల్సిన యంత్రాలు కూడా మన దగ్గర ఉన్నాయి. తెలుగు డీటీపీ సెంటర్లలో, చిన్న ప్రెస్సుల్లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద ఏళ్ల తరబడి చేసిన పని పేరుకుపోయి ఉంది. ఆ ఫైళ్ల కోసం ఎక్స్‌పీనో విండోస్ 7నో వదలలేని పరిస్థితి. పాత బోర్డు పాడై కొత్తది వేస్తే ఎక్స్‌పీకి డిస్‌ప్లే డ్రైవరు దొరకదు, ఇంటెల్ మూడో తరం దాటాక మామూలు ఎక్స్‌పీని పట్టించుకోలేదు. ఎన్విడియా ఎక్స్‌పీ డ్రైవర్లు 2016 దాకా వచ్చాయి కనుక ఒక పాత జీటీ శ్రేణి కార్డు ఇక్కడ ప్రాణదాత అవుతుంది. ఇంకా మంచి దారి, కొత్త సిస్టమ్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి అందులో ఎక్స్‌పీ నడపడం. పేజ్ మేకప్ పనికి త్రీడీ శక్తి అవసరం లేదు కనుక వేగం సమస్య రాదు, నెట్‌కు కలపకుండా ఉంచితే వైరస్ భయమూ తక్కువ.

సరైన డ్రైవరు దొరికినంత మాత్రాన అది నిలుస్తుందని చెప్పలేం. అన్నిటికన్నా విసిగించే ఇబ్బంది విండోస్ అప్‌డేట్ నుంచే వస్తుంది. మనం వెతికి పెట్టిన డ్రైవరును రాత్రికి రాత్రి తీసి తన దగ్గరున్నది పెడుతుంది. రెండు వెర్షన్ల ముక్కలు కలిసిపోయి డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 అనే లోపం కనిపిస్తుంది. దీనికి ఓ క్రమం ఉంది, అది పాటిస్తే సాధారణంగా ఫలితం వస్తుంది. ముందుగా కావలసిన డ్రైవరు ఫైలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. తరువాత నెట్ తీసేయాలి, వైర్ ఉంటే వైరు, వైఫై అయితే వైఫై. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత పరికరంతో పాత డ్రైవరు ఆనవాళ్లు తుడిచేయాలి. మామూలుగా బూట్ చేసి, నెట్ కలపకుండానే కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. ఆపైన డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగులలో విండోస్ డ్రైవర్లను తనంతట తానే తెచ్చుకోకుండా ఆపి, అప్పుడు నెట్ కలపాలి. నెట్ తీయడం మరిచిపోతే మిగతా శ్రమంతా వృథా, అన్‌ఇన్‌స్టాల్ అయిన రెండు నిమిషాల్లో విండోస్ తన పాత పని చేసేస్తుంది. ఇంకొక మాట. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కితే కెర్నల్ పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ పేరుతో సగం నిద్రపోతుంది. డ్రైవరు మార్చాక రీస్టార్ట్ కొట్టాలి. ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు.

లాప్‌టాపుల్లో అడ్డంకి వేరు. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్నవాటిలో లాప్‌టాప్ కంపెనీ తన సొంత మార్పులు చేసిన డ్రైవరు ఇస్తుంది. చిప్ తయారీదారు నుంచి తెచ్చిన సాధారణ డ్రైవరు వేయబోతే "ఈ కంప్యూటరుకు ఇది ధ్రువీకరించినది కాదు" అని తిరస్కరిస్తుంది. ఇన్‌స్టాలర్ ఫైలును విప్పి, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, జాబితా నుంచి ఎంచుకుంటానని చెప్పి, హావ్ డిస్క్ ద్వారా ఐఎన్ఎఫ్ ఫైలు చూపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటుంది. అయితే ఆ ఐఎన్ఎఫ్ జాబితాలో మన చిప్ సంఖ్య ఉండాలి. లేకపోతే ఫైలులో సంఖ్యను చేత్తో కలిపే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. అలా కలిపిన క్షణంలో ఆ డ్రైవరు డిజిటల్ సంతకం చెల్లదు, విండోస్ సంతకాల తనిఖీని ఆపి నడపాల్సి వస్తుంది. ఔత్సాహికులు మార్చి పంచే డ్రైవర్లదీ ఇదే సంగతి. ఆటల కోసం ప్రత్యేకంగా ఉంచుకున్న యంత్రంలో సరే. బ్యాంకు లావాదేవీలు చేసే యంత్రంలో సంతకాల తనిఖీ ఆపడం నేను ఎవరికీ సూచించను. ఇక "మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో నవీకరిస్తాం" అనే సాఫ్ట్‌వేర్ల జోలికే పోవద్దు. అవి కొత్తది ఎక్కించడమే లక్ష్యంగా పనిచేస్తాయి, పాత కార్డుకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

విండోస్ 7 కొత్తగా వేసుకునేవారికి మరో గోడ ఎదురవుతుంది. తరువాతి కాలపు డ్రైవర్ల సంతకాలన్నీ ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతిలోవి. ఖాళీ విండోస్ 7కు ఆ సంతకాన్ని చదవడం రాదు కనుక కోడ్ 52 చూపిస్తుంది. 2019లో వచ్చిన కేబీ 4474419 నవీకరణ పెడితే ఈ చిక్కు తీరుతుంది. దీన్ని మించిన చిన్న కారణం కూడా ఉంది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే డౌన్‌లోడ్ సైట్లు తెరుచుకోవు, నవీకరణలు దిగవు. కొద్ది రూపాయల బ్యాటరీ సెల్‌తో పోయేదానికి ఫార్మాట్ కొట్టించుకున్నవారు ఉన్నారు.

అసలు తప్పు డ్రైవరుదేనా? ఈ ప్రశ్న ముందే అడగాలి కదా అనవచ్చు. అడగాలి, కానీ జవాబు తేల్చే పరీక్ష చాలా తేలిక. కంప్యూటరు ఆన్ చేయగానే, విండోస్ రాకముందు బయాస్ తెర మీదే గీతలు, రంగు చుక్కలు కనిపిస్తే అది హార్డ్‌వేర్ తప్పు, డ్రైవరు ఇంకా లోడ్ కాలేదు కనుక దాని మీద నేరం మోపడానికి వీల్లేదు. బయాస్‌లో, సేఫ్ మోడ్‌లో శుభ్రంగా ఉండి, పూర్తి డ్రైవరు లోడయ్యాకే గందరగోళమైతే రెండింటికీ అవకాశం ఉంది. అప్పుడు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వీడియో నడిపి చూడాలి. అక్కడా అదే తీరైతే చిప్‌నో, దాని మెమరీనో, ఎస్‌ఎంపీఎస్‌నో అనుమానించాలి. లైనక్స్‌లో హాయిగా నడిచి విండోస్‌లో పడిపోతే డ్రైవరు వెంట పడాలి. ఫార్మాట్ కంటే ముందు ఈ పని చేయమని షాపతన్ని అడిగే హక్కు డబ్బు ఇచ్చేవాడికి ఉంది.

హార్డ్‌వేర్ తప్పులు డ్రైవరు తప్పుల వేషం వేసుకోవడం కొత్తేమీ కాదు. 2008 జులైలో ఎన్విడియా తన కొన్ని లాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్ల భారాన్ని లెక్కల్లో చూపించింది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ టంకం బిందువుల్లో పగుళ్లు పెరిగి, మొదట డ్రైవరు రీసెట్ సందేశాలు, తరువాత గీతలు, ఆఖరికి నల్ల తెర. ఏఎండీ చిప్‌లున్న 2011 నాటి మ్యాక్‌బుక్ ప్రోలకు కూడా ఆపిల్ 2015లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి బోర్డుకు హీట్‌గన్ పెట్టి, రీబాలింగ్ అని డబ్బు తీసుకుంటే కొన్ని వారాలు వెలుగుతుంది, మళ్లీ పోతుంది. పగులు చిప్ లోపల ఉన్నప్పుడు కింది బంతులు మార్చి లాభం లేదు. కానీ ప్రతి గీతా చావు లక్షణం కాదు. దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చి, కార్డు బంగారు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించడం మన టెక్నీషియన్లకు అలవాటైన పని, చాలాసార్లు అదే చాలు. పాత బయాస్ మాత్రమే ఉన్న కార్డును కొత్త యూఈఎఫ్ఐ బోర్డులో పెడితే అసలు డిస్‌ప్లే రాదు. బోర్డు సెట్టింగులలో పాత బయాస్ పద్ధతిని అనుకరించే సీఎస్ఎం ఆన్ చేస్తే వస్తుంది.

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో నకిలీల బెడద గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పాత జీటీఎస్ 450 కార్డు బయాస్ మార్చి, జీటీఎక్స్ 1050 టీఐ అని స్టిక్కరు వేసి అమ్మే మోసం ఆన్‌లైన్‌లో విస్తరించింది. విండోస్ ఆ దొంగ పేరునే చూపిస్తుంది. అసలు 1050 టీఐ డ్రైవరు వేయగానే తెర నల్లబడుతుంది లేదా కోడ్ 43 వస్తుంది. కొన్నవాడు డ్రైవరు మార్చి మార్చి అలసిపోతాడు. 2018 నుంచి జీపీయూ-జెడ్ ఇలాంటి ఎన్విడియా నకిలీలను పట్టి పేరు ముందు నకిలీ అని చూపుతోంది. కార్డు కొనేటప్పుడు డబ్బు చేతికిచ్చే ముందే దాన్ని నడిపి చూపించమనండి.

ఇప్పుడు లైనక్స్ సంగతి. ఇక్కడే ఈ మొత్తం ప్రశ్నకు కీలకం ఉంది. 2007 సెప్టెంబరులో ఏఎండీ తన రేడియాన్ చిప్‌ల సాంకేతిక వివరాలను బయటపెడతానని ప్రకటించి, ఆ మాట నిలబెట్టుకుంది. దాని ఫలితం చూడండి. విండోస్‌లో 2016 మొదట్లోనే కథ ముగిసిన హెచ్‌డీ 5000, 6000 కార్డులు లైనక్స్‌లో మీసా అనే బహిరంగ గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్రాజెక్టు చలవతో ఇన్నేళ్ల తరువాత కూడా సవరణలు అందుకుంటున్నాయి. అందులో కంపెనీ ఇంజనీర్ల పనీ ఉంది, కాగితాలు చేతికిచ్చినందుకు ఇష్టమున్నవాళ్లు చేస్తున్న పనీ ఉంది. ఇంటెల్ కూడా తన లైనక్స్ డ్రైవర్లను బహిరంగంగానే రాసింది. అందుకే 2021లో రెడ్‌హ్యాట్‌కు చెందిన డేవ్ ఎయిర్లీ, 965 చిప్‌సెట్ కాలం నుంచి నాలుగో తరం ప్రాసెసర్ల దాకా ఉన్న పాత ఇంటెల్ గ్రాఫిక్స్ కోసం క్రోకస్ అనే కొత్త డ్రైవరునే రాయగలిగారు. విండోస్ 10లో దిక్కులేని హెచ్‌డీ 3000 ఉన్న లాప్‌టాపుకు తేలికైన లైనక్స్ వేసి ఇవ్వండి, అది తెరిచే వేగం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

అలాగని లైనక్స్‌లో అంతా సాఫీ అనను. మీసా 2021 చివర్లో మరీ పాత డ్రైవర్లను ప్రధాన శాఖ నుంచి తీసి ఆంబర్ అనే పక్క శాఖలో పెట్టింది. అన్ని డిస్ట్రిబ్యూషన్లూ ఆ పక్క శాఖను అందించవు. ఇన్‌స్టాల్ చేయబోతే నల్ల తెర వస్తే బూట్ లైనులో "నోమోడ్‌సెట్" అని చేర్చి లోపలికి వెళ్లడం మొదటి మెట్టు. దాన్ని అలాగే వదిలేస్తే మాత్రం కార్డు శక్తి ఏమాత్రం వాడుకోలేం, లోపలికి వెళ్లాక సరైన డ్రైవరు పెట్టి ఆ మాట తీసేయాలి.

ఎన్విడియా దగ్గర లెక్క తిరగబడుతుంది. కంపెనీ కాగితాలు ఇవ్వనందున నూవో అనే లైనక్స్ డ్రైవరును కొందరు చిప్‌ను బయటి నుంచి గమనిస్తూ, ఊహిస్తూ రాశారు. 2010లో అది లైనక్స్ కెర్నల్‌లో చేరింది. కెప్లర్ కార్డుల్లో, మొదటి మ్యాక్స్‌వెల్ అయిన జీటీఎక్స్ 750 టీఐలో దానితో కార్డు వేగాన్ని చేత్తో పెంచుకోవచ్చు. 2014లో వచ్చిన జీటీఎక్స్ 900 శ్రేణి నుంచి ఎన్విడియా తన సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేనిదే చిప్ వేగం మార్చనివ్వదు. 2022 మేలో కంపెనీ తన కెర్నల్ డ్రైవరు కోడ్‌ను బహిరంగం చేసినప్పుడు అందరం సంతోషించాం. కానీ అది ట్యూరింగ్ తరానికి, ఆపైవాటికి మాత్రమే. మధ్యలో చిక్కుకుపోయినవి జీటీఎక్స్ 900, 1000 శ్రేణులు. జీటీఎక్స్ 1060 కొన్నేళ్ల పాటు స్టీమ్ సర్వేలో మొదటి స్థానంలో ఉన్న కార్డు. మన దగ్గర కాలేజీ కుర్రాళ్లు నెలల తరబడి దాచుకుని కొన్నది కూడా అదో, 1050 టీఐనో. ఈ రెండు శ్రేణులకూ 580 శ్రేణి డ్రైవరే ఆఖరిదని ఎన్విడియా ప్రకటించింది. ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగిశాయి, భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా అన్నారు. ఆ తరువాత విండోస్‌లో కొత్తది రాదు, లైనక్స్‌లో నూవో ఆ కార్డులను పూర్తి వేగంతో నడపలేదు.

దీన్ని నేను సాధారణ వ్యాపార నిర్ణయంగా తీసుకోలేను. పాత చిప్‌లకు కలకాలం డ్రైవర్లు రాయమని ఏ కంపెనీనీ అడగడం న్యాయం కాదు, ఇంజనీర్ల సమయానికి ఖరీదు ఉంది. హైదరాబాదులోనే ఈ కంపెనీల డిజైన్ కేంద్రాల్లో వేల మంది పనిచేస్తున్నారు, ఆ పని ఎంత కష్టమో తెలియనిది కాదు. అడిగేది ఒకటే. వదిలేసే రోజున తాళం చెవి ఇచ్చి వెళ్లాలి, అంటే చిప్ వివరాలు, వేగం మార్చగల సంతకం చేసిన ఫర్మ్‌వేర్. ఏఎండీ 2007లో చేసింది చూశాక ఇది సాధ్యం కాదని ఎవరూ అనలేరు.

డ్రైవరుతో తీరని వాటి గురించి కూడా స్పష్టంగా ఉండాలి. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 వీడియోలను విప్పే సర్క్యూటు పాత చిప్‌లో లేనే లేదు. ఆ భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది, ఏ డ్రైవరు వేసినా వీడియో ఆగి ఆగే నడుస్తుంది. వీడియోను హెచ్.264లోనే రప్పించే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టి 720 దగ్గర ఆపితే పని నడుస్తుంది. క్రోమ్ కూడా నమ్మకం లేని పాత డ్రైవర్ల జాబితా ఒకటి ఉంచుకుని, అవి కనిపిస్తే హార్డ్‌వేర్ వేగాన్ని తనంతట తానే ఆపేస్తుంది. చిరునామా గడిలో క్రోమ్ జీపీయూ పేజీ తెరిస్తే ఆపేసిందో లేదో తెలుస్తుంది. భద్రత మాట కూడా నిజమే. సవరణలు ఆగిన డ్రైవరు కెర్నల్ పక్కన కూర్చుని ఉంటుంది, అందులో బయటపడిన లోపాలను పూడ్చేవారు లేరు. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది కనుక పాత కార్డు, పాత విండోస్ కలిసి ఉన్న యంత్రాన్ని డబ్బు లావాదేవీలకు వాడకుండా, రాతపనికీ పాటలకూ పిల్లల ఆటలకూ ఉంచడం మంచిది.

ఆఖరి డ్రైవరు ఫైలును ఎవరికి వారు దాచుకోవడం కూడా ఈ మరమ్మతులో భాగమే. 2019లో ఇంటెల్ తన పాత బోర్డుల బయాస్‌లను, డ్రైవర్లను సైటు నుంచి తొలగించింది. అప్పటిదాకా ఒక్క క్లిక్కుతో దొరికినవి ఆ తరువాత అనామక సైట్లలో వైరస్ భయంతో వెతుక్కోవాల్సినవి అయ్యాయి. కార్డు హార్డ్‌వేర్ ఐడీ, దానికి నప్పిన డ్రైవరు సంఖ్య ఒక కాగితం మీద రాసి కేబినెట్ లోపలి వైపు అంటించి, ఇన్‌స్టాలర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, తరువాత ఆ సిస్టమ్ ఎవరి చేతికి వెళ్లినా వాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతకక్కర్లేదు. జీటీఎక్స్ 1060 ఉన్నవారు 580 శ్రేణి ఫైలుతో ఆ పని ఈ నెలలోనే చేయవచ్చు.